యిప్సిలాంటిలో తెల్లపొగ

అమెరికా వెళ్ళి ఆరు నెలలుండి వచ్చానని తెలిసినప్పటినుంచీ ఎదురైన ప్రతివారూ అడిగే ప్రశ్న ఒకటే: "నయాగరా చూశారా?" చూశాను. చూడకపోతే మా అమ్మాయి వూరుకోదు గదా! జలపాతం చాలా గొప్పదే. దాన్ని గురించి నాకంటె బాగా రాసినవారు ఎందరో వున్నారు. నేను చెప్పబోయేది అంతకంటె చాలా చిన్న సంగతి. ముక్కుపొడుం డబ్బా అంత సామాను ఒకటి. వెల ముప్పై డాలర్ల లోపు. దాన్ని మార్చడానికి ఒక శనివారం ఉదయం పట్టింది. కాని ఆ ఒక్క పూటలో నాకు తెలిసివచ్చింది నయాగరా దగ్గర తెలిసిరాలేదు.

ముందుగా నా సంగతి కొంచెం చెప్పాలి. నేను 35 ఏళ్ళు ఆర్టీసీ డిపోల్లో పనిచేసి 2008లో రిటైరయ్యాను. మెకానిక్కుగా చేరి ఫోర్‌మన్‌గా బయటికి వచ్చాను. డీజిలు వాసన లేని రోజు నాకు ఉగాది నాడు కూడా లేదు. అంచేత అమెరికాలో కార్లన్నీ గేరు వాటంతట అవే మార్చుకుంటాయని అల్లుడు చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. "గేరు మార్చడం రానివాడు బండి నడపడమేమిటయ్యా? వంట చెయ్యకుండా వండానని చెప్పుకోవడం లాంటిదే గదా!" అన్నాను. అల్లుడు మర్యాదస్థుడు. నవ్వి వూరుకున్నాడు.

వాళ్ళుండే ఊరు మిచిగన్ రాష్ట్రంలో యిప్సిలాంటి. డెట్రాయిట్ నగరానికి పడమరగా ముప్పై పైచిలుకు మైళ్ళు. ఊరి పేరు ఎవరిదో ఇంటిపేరులా వుందే అనుకున్నాను. నిజంగా ఇంటిపేరేనట! టర్కీవారి ఏలుబడి వదిలించుకోవడానికి గ్రీసు దేశం 1821లో మొదలుపెట్టిన యుద్ధంలో పేరుపొందిన సేనాని డెమిట్రియస్ యిప్సిలాంటి. సముద్రాల కవతల సాగుతున్న ఆ పోరాటాన్ని మెచ్చుకుని, ఇక్కడ అడవి కొట్టి ఊరు కట్టుకుంటున్నవారు ఆయన పేరు పెట్టుకున్నారు. ఊళ్ళో మెరకమీద 1890లో కట్టిన రాతి నీళ్ళ టాంకు వుంది. ఎత్తు 147 అడుగులు. దాని ముందర ఆ సేనాని శిలావిగ్రహం. ఊరి మధ్యనుంచి హ్యూరాన్ అనే చిన్న నది పోతుంది. ఏటి పక్కన పాత ఇటుక కట్టడాల బజారుంది, దాని పేరు డిపో టౌను. డిపో అన్న మాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. తీరా చూస్తే అది బస్సు డిపో కాదు, పాతకాలపు రైలు స్టేషను!

మా అమ్మాయి ఇంటి పక్క ఇంట్లో ఒక పెద్దాయన ఒంటరిగా వుంటున్నారు. వయస్సు ఎనభై దాటింది. మేము వెళ్ళిన కొత్తలో మా ఆవిడ గారెలు చేసి, గిన్నెలో పెట్టి మనవరాలిచేత పంపించింది. మూడోనాడు గిన్నె తిరిగి వచ్చింది, నిండా దొడ్లో కాసిన స్ట్రాబెరీ పళ్ళతో. "ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని వీళ్ళకీ తెలుసన్నమాట!" అని మా ఆవిడ సంబరపడిపోయింది. ఆనాటినుంచి రెండిళ్ళకూ రాకపోకలు. నాకు వచ్చిన ఇంగ్లీషు వర్క్‌షాపు పుస్తకాల ఇంగ్లీషు. ఆయన మాట తీరు వేరు. మధ్యన పదిహేనేళ్ళ మా మనవరాలు దుబాసీ.

ఆయన షెడ్డులో లేత నీలంరంగు కారొకటి వుంది. 1972లో కొత్తది కొన్నారట. పొడవు మా సిటీ బస్సులో సగం వుంటుంది. వారం రోజులూ అది కదలదు. ఆదివారం ఉదయం పదిగంటలకు మాత్రం ఆయన చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, కారు తీసి ఎక్కడికో వెళ్ళి గంటలో తిరిగి వస్తారు.

జూన్‌లో ఒక ఆదివారం నేను వరండాలో కాఫీ తాగుతూ చూస్తున్నాను. కారు వీధి చివరకు పోయి, నాలుగు దారుల దగ్గర ఆగింది. ఆగీ ఆగగానే సైలెన్సరులోనుంచి భోగిమంట వేసినట్టు తెల్లపొగ! కారు కదిలింది. పొగ తగ్గింది. అది నా మనసులో పడి వుండిపోయింది. బండి లాగుతున్నప్పుడు పొగ రావడం లోకసహజం. కాలు తీసి నిలబడ్డప్పుడు పొగేమిటి?

తరువాతి వారం కారు కుదుపులతో వెళ్ళి కుదుపులతో వచ్చింది. ఆ మీది వారం వెళ్ళనే లేదు. ఎవరో వచ్చి బండికి కట్టి వర్క్‌షాపుకు తీసుకుపోయారు, తిరిగి తెచ్చి దింపారు. గేరుబాక్సు పోయిందనీ, దింపి మొత్తం విప్పి కట్టాలనీ, మూడువేల రెండువందల డాలర్లవుతుందనీ చెప్పారట. నూనె తక్కువగా వుంటే నింపారట, నాలుగురోజుల్లో మళ్ళీ తగ్గింది. అంత డబ్బు ఆయన పింఛనులోనుంచి వచ్చేది కాదు. పాత ఇనుము కొనేవాడికి కబురు చేశారు. ఐదువందలిస్తాననీ, శనివారం మధ్యాహ్నం వచ్చి తీసుకుపోతాననీ వాడు చెప్పాడు.

ఈ సంగతి చెబుతూ ఆయన కారు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "ఇది నా భార్య కారు" అన్నారు. ఆమె పోయి రెండేళ్ళయింది. ఆరో ఏట, అంటే 1949లో, ఆమెకు పోలియో వచ్చిందట. అప్పటికింకా టీకా లేదు, 1955లోగాని రాలేదు. ఎడమకాలు సన్నబడిపోయింది. క్లచ్చి తొక్కడం ఆ కాలికి సాధ్యమయ్యే పని కాదు. "ఈ గేరుబాక్సుకు క్లచ్చి పెడలు వుండదు. అందుకని ఆమె కారు నడపగలిగింది. పిల్లల్ని బడికి దింపింది, ఉద్యోగం చేసింది, నాకు జ్వరమొస్తే నన్నే ఆస్పత్రికి తీసుకుపోయింది. ఆదివారం ఆదివారం ఆమె కారులోనే ఆమె సమాధి దగ్గరికి వెళ్ళివస్తున్నాను" అన్నారు. మనవరాలు ఈ మాటలు తెలుగులో చెబుతూ చెబుతూ చివర్న ఆగిపోయింది.

నాకు తల కొట్టేసినట్టయింది. వంట చెయ్యకుండా వండానని చెప్పుకోవడమని వేళాకోళం చేసింది నేనేగదా! మా డిపోలో సిటీ సర్వీసు నడిపిన ఒక డ్రైవరు గుర్తొచ్చాడు. డ్యూటీ దిగేటప్పుడు ఎడమకాలిని రెండు చేతులతోనూ ఎత్తి మెట్టుమీద పెట్టేవాడు. రోజంతా స్టాపు స్టాపుకీ క్లచ్చి తొక్కిన కాలు అది. అతనికి బండి గ్రీజు రాసి ఇచ్చాం గాని, కాలికి ఏం చేయగలిగాం?

పెద్దాయనది ఇంకొక విచిత్రం వుంది. ఆయన 1962 నుంచి 31 ఏళ్ళు పనిచేసింది ఆ గేరుబాక్సులు తయారుచేసే కార్ఖానాలోనే! "మరి మీకు దీని గుట్టు తెలియదా?" అని అడిగించాను. ఆయన నవ్వారు. "నేను కూర్చున్నది చిన్న చిన్న వాల్వులు తనిఖీ చేసే బల్ల దగ్గర. లక్షల వాల్వులు ఈ వేళ్ళమధ్యనుంచి పోయాయి. అవి వెళ్ళి ఎక్కడ కూర్చుంటాయో బొమ్మలో చూడడమే. గేరుబాక్సు మొత్తం విప్పి చూసింది ఎన్నడూ లేదు. ఇప్పుడు దగ్గరి చూపు కూడా మందగించింది" అన్నారు. పెద్ద కార్ఖానాల్లో పని అంతే. పెళ్ళిలో లడ్లు చుట్టేవాడికి పెళ్ళికొడుకు మొహం కనపడదు.

గురువారంనాడు మనవరాలు నన్ను డిపో టౌనులోని పాత మోటార్ల ప్రదర్శనశాలకు తీసుకువెళ్ళింది. పూర్వం హడ్సన్ అనే కార్లు అమ్మిన దుకాణమది. ఆ కంపెనీ పేరు పోయిన తరువాత కూడా ఆ కార్లకు చాలాకాలం అండగా నిలిచిందట. అక్కడ లోపలి భాగాలు కనబడేటట్టు కోసిపెట్టిన గేరుబాక్సు ముందర ఒక గంట నిలబడ్డాను. మనవరాలు చదువుతూ వుంటే, నాకు తెలిసిన భాషలోకి నేను మార్చుకున్నాను.

ఒక టేబిలు ఫాను వేసి, దానికి ఎదురుగా కరెంటు లేని ఇంకో ఫాను పెట్టండి. మొదటి దాని గాలికి రెండోది మెల్లగా తిరుగుతుంది. ఇంజనుకూ గేర్లకూ మధ్య వుండే సంబంధం అలాంటిదే. కాకపోతే గాలికి బదులు నూనె. ఇంజను ఆగకుండానే బండి ఆగి వుండగలదు. ఇక గేరు మార్చేది నూనె ఒత్తిడి. అయితే ఎప్పుడు మార్చాలో దానికి ఎవరు చెప్పాలి? రెండు కబుర్లు వెళ్ళాలి. బండి ఎంత వేగంగా పోతున్నదో ఒక కబురు. ఇంజను మీద బరువెంత వున్నదో రెండో కబురు. మొదటిది చక్రాలవైపు షాఫ్టు మీద తిరిగే గవర్నరు చెబుతుంది. రెండోది చెప్పేదే నేను మొదట్లో అన్న ముక్కుపొడుం డబ్బా. దాని పేరు మాడ్యులేటరు.

పెట్రోలు ఇంజను గాలిని పీలుస్తుందని తెలుసుగదా. డ్రైవరు కాలు తీసేస్తే గాలిదారి మూసుకుని లోపల పీల్పు, అంటే వాక్యూం, బలంగా వుంటుంది. గట్టిగా తొక్కితే దారి తెరుచుకుని పీల్పు సన్నగిల్లుతుంది. ఇంజనునుంచి సన్నటి గొట్టం ఒకటి ఈ డబ్బాకు వస్తుంది. డబ్బాలో పల్చటి రబ్బరు పొర, ఒక స్ప్రింగు. పీల్పు బలంగా వుంటే రబ్బరు వెనక్కు పోతుంది, గేరు తొందరగా, మెత్తగా పడుతుంది. పీల్పు తగ్గితే స్ప్రింగు ముందుకు నెట్టి ఒక చిన్న వాల్వును కదుపుతుంది, గేరు ఆలస్యంగా, గట్టిగా పడుతుంది. డ్రైవరు కాలి మాట గేరుబాక్సు చెవిన వేసే దూత ఇదే.

ఇలా తనంతట తాను గేర్లన్నీ మార్చుకునే బాక్సును బజారులో పెద్దఎత్తున అమ్మింది మొదట 1939 చివర్లో, 1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్ కార్లకు. పేరు హైడ్రమాటిక్. యుద్ధం వచ్చాక దాన్ని టాంకుల్లో కూడా బిగించారు. పెద్దాయన కారులో వున్నది దాని తరువాతి తరంది, 1964లో వచ్చిన టర్బో హైడ్రమాటిక్ 400. మూడు గేర్లు. ఇంకో వింత కూడా తెలిసింది. ఈ బాక్సుల్లో పోసే నూనెలో 1970ల మొదటి వరకూ తిమింగలం నూనె కలిపేవారట. ఆ జాతి నశించిపోతుందని నిషేధించాక వేరే మందులు కనిపెట్టుకున్నారు.

రబ్బరు పొర అన్న మాట దగ్గర నా బుర్ర ఆగింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత డీజిలు బండ్ల ఇంజక్షను పంపుల్లో ఇలాంటి డయాఫ్రమే వుండేది, తోలుతో చేసింది. అది చిరిగితే గవర్నరుకు ఒళ్ళు తెలిసేది కాదు. ఇంజను గగ్గోలుపెట్టేది. పంపంతా విప్పాలని కొత్తవాళ్ళు గోల చేస్తే, మా పాత మేస్త్రి ముందుగా ఆ తోలు చూసేవాడు.

శుక్రవారం సాయంత్రం పెద్దాయన షెడ్డుకు వెళ్ళి మూడు ప్రశ్నలు వేయించాను. రేడియేటరులో నీళ్ళు తగ్గుతున్నాయా? లేదు. పైగా ఆ నీళ్ళు కాలితే పొగకు తీపి వాసన వుంటుంది, అదీ లేదు. ఇంజనాయిలు తగ్గుతున్నదా? లేదు. గేరుబాక్సు నూనె తగ్గుతున్నది గదా, మరి నేలమీద మరక వున్నదా? సిమెంటు నేల ముగ్గు వేయడానికి పనికివచ్చేటంత శుభ్రంగా వుంది. బాక్సులో వుండక, నేలమీద పడక ఆ నూనె ఏమైనట్టు? ఇంజను తాగుతూ వుండాలి. గేరుబాక్సుకూ ఇంజనుకూ మధ్య నూనె పోగల దొంగదారి ఆ సన్నటి గొట్టం ఒక్కటే. రబ్బరు చిరిగితే ఆ దారిన ఇంజను నూనె పీల్చేస్తుంది. పీల్పు బలంగా వుండేది కాలు తీసి ఆగినప్పుడే. ఆదివారం నేను చూసిన పొగ సరిగ్గా అప్పుడే వచ్చింది! పీల్పు కబురు అందక గేరుబాక్సు ఎప్పుడూ బరువు లాగుతున్నాననుకుంటుంది, అందుకే కుదుపులు. నూనె చాలక జారుడు.

ఇంకొక పరీక్ష మిగిలింది. గేరుబాక్సు నూనె కొలిచే కడ్డీని తెల్లకాగితం మీద అద్దాను. మరక ఎర్రగా పారాణిలా వుంది. నల్లగా, మాడు వాసనతో వుంటే లోపలి బిళ్ళలు కాలిపోయినట్టే, వర్క్‌షాపువారి మాటే నిజమయ్యేది. వారిని తప్పుపట్టను. నాలుగు బండ్లు వెనక నిలబడి వుంటే మేమూ డిపోలో పెద్ద పని రాసేసిన రోజులున్నాయి. "ఇనుపకొట్టు వాణ్ణి ఒక్క రోజు ఆగమనండి" అని చెప్పించాను. పెద్దాయన నా మొహంలోకి చాలాసేపు చూసి, లోపలికి వెళ్ళి ఫోను చేశారు.

శనివారం పొద్దున్నే అల్లుడు సామాను తెచ్చాడు. మా ఆవిడ వచ్చి, "మీరు రిటైరయ్యారనుకున్నానే!" అని ఒక చురక వేసి, పాత చొక్కా ఇచ్చి వెళ్ళింది. ఇంజను పూర్తిగా చల్లారనిచ్చి, చక్రాలకు చెక్కలు పెట్టి, జాకీతో ఎత్తి, కింద ఇనుప స్టాండ్లు నిలిపాను. జాకీని నమ్మి బండి కిందకు దూరకూడదని కొత్తవాళ్ళకు నేను చెప్పిన మొదటి పాఠం. ఆ పాఠం వినని వాడొకడి గతి నేను కళ్ళారా చూశాను.

తీరా చూస్తే మాడ్యులేటరు బాక్సుకు కుడివైపున, పొగ గొట్టం పక్కన ఇరుకులో వుంది. నా చెయ్యి పట్టలేదు. "నేను చేస్తాను తాతయ్యా" అంది మనవరాలు. వాళ్ళమ్మ ఏదో అనబోయింది. అల్లుడు కళ్ళతోనే వారించాడు. పిల్లకు కళ్ళజోడు పెట్టి, జడ చుట్టి గుడ్డ కట్టి, కింద తట్టా పాతకాగితాలూ పరిచి లోపలికి పంపాం.

"ముందు డబ్బాకు తగిలించిన రబ్బరు గొట్టం లాగమ్మా. దాంట్లో ఏముందో చూసి చెప్పు." ఒక నిమిషం నిశ్శబ్దం. "ఎర్రగా కారుతోంది తాతయ్యా!" పొడిగా వుండవలసిన గొట్టంలో నూనె. నేరం రుజువైంది. పెద్దాయన కుర్చీలోనుంచి లేచి నిలబడ్డారు.

డబ్బాను పట్టివుంచేది ఒకే ఒక బోల్టు, ఒక క్లాంపు. బోల్టు వూడింది. డబ్బా కొంచెం మొరాయించి, అటూ ఇటూ తిప్పేసరికి వూడివచ్చింది. దానితోపాటు కొంచెం నూనె, ఆ నూనెతోపాటు తట్టలోకి టింగుమని ఏదో జారిపడింది. చిటికెనవేలు కొసంత వుక్కు ముక్క. లోపల వుండవలసిన చిన్న వాల్వు! అది పడేటప్పుడు ఏ కొస ముందుందో పిల్ల చూడలేదు. నేను చూడలేదు. తిరగేసి పెడితే మొదటికే మోసం. నాకు చెమట పట్టింది. డీజిలు పంపయితే కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. ఇది నాది కాని ప్రపంచం.

పెద్దాయన చెయ్యి చాచారు. ఆ ముక్కను శుభ్రమైన గుడ్డతో తుడిచి, రెండు వేళ్ళమధ్య పెట్టుకుని మెల్లగా దొర్లించారు. కళ్ళు ఎటో చూస్తున్నాయి, చూపు అవసరమే లేదు. కొసలు గోటితో తడిమారు. "గీత పడలేదు. బాగుంది. ఈ కొస లోపలికి" అని మనవరాలి అరచేతిలో పెట్టారు. 31 ఏళ్ళ బల్ల ఆ రెండు వేళ్ళలో వుంది. తనకు తెలిసింది ఒక్క చిన్న ముక్కే అని ఆయన చిన్నబుచ్చుకున్నారు గదా, ఆ వేళ మాకు కావలసింది ఆ ఒక్క ముక్కే!

కొత్త డబ్బాను పాతదాని పక్కన పెట్టి పొడవూ మెడా సరిచూశాను. దాని రబ్బరు రింగుకు కొంచెం నూనె రాశాం. వాల్వు వెళ్ళి కూర్చుంది, డబ్బా కూర్చుంది, బోల్టు బిగిసింది. బీటలు వారిన పాత రబ్బరు గొట్టం కూడా మార్చాం. కారు దింపి, ఇంజను నడుస్తూ వుండగా కొలుచుకుంటూ, గరాటుతో మూడు సీసాల ఎర్ర నూనె పోశాం.

మొదట పావుగంటసేపు పొగ వచ్చింది. మా అమ్మాయి మొహం వాడిపోయింది. "గొట్టాల్లో మిగిలింది కాలిపోవాలి, వుండండి" అన్నాను గాని నాకూ గుండె కొట్టుకుంటూనే వుంది. తరువాత పొగ పల్చబడింది. ఆగిపోయింది. పెద్దాయన ఒక్కరే కారెక్కి వీధి చుట్టి వచ్చారు. గేర్లు పడుతున్న సంగతి బయటికి తెలియలేదు, పెరుగన్నంలో వేలు పెట్టినట్టు మెత్తగా పడ్డాయి. కారు ఆపి, స్టీరింగు మీద నుదురు ఆనించి కాసేపు అలాగే కూర్చున్నారు. మేమంతా తట్టలూ కాగితాలూ సర్దే పనిలో పడ్డాం.

మర్నాడు ఆదివారం. ఆయన మా ఇద్దర్నీ, మనవరాల్నీ కూడా రమ్మన్నారు. మిచిగన్ అవెన్యూ అనే పాతబాట మీదుగా తూర్పుకు రెండు మూడు మైళ్ళు పోతే విల్లోరన్ అనేచోటు వస్తుంది. అది ఒక చిన్న వాగు పేరు. ఆ వాగు పక్కన హెన్రీ ఫోర్డు పొలాలుండేవి. 1941లో అక్కడ బాంబులు వేసే విమానాల కార్ఖానా లేచింది. నక్షా ఆల్బర్ట్ కాన్ అనే పేరుగన్న శిల్పిది. విమానాన్ని కారులా వరసలో కూర్చి తయారుచేయవచ్చునా అని జనం నవ్వారట. 1944 నాటికి గంటకొక బి-24 విమానం బయటికి వచ్చింది. మొత్తం 8,685. ఆడవాళ్ళు వేలమంది అక్కడ రివెట్లు కొట్టారు.

యుద్ధం ముగిశాక కైజర్-ఫ్రేజర్ కంపెనీవారు అక్కడ కార్లు చేశారు. 1953 ఆగస్టు 12న దగ్గరలోని లివోనియాలో హైడ్రమాటిక్ కార్ఖానా అగ్నికి ఆహుతయింది. జనరల్ మోటార్సువారు కొద్ది వారాల్లోనే యంత్రాలు పోగుచేసుకుని విల్లోరన్‌కు వచ్చి మళ్ళీ పని మొదలుపెట్టారు. అక్కడే 2010 వరకూ గేరుబాక్సులు తయారయ్యాయి.

ఇప్పుడు చూడబోతే చాలామేరకు ఖాళీ నేల. పెద్ద పెద్ద తలుపులున్న ఒక కొసను మాత్రం విమానాల ప్రదర్శనశాలవారు పడగొట్టనీయకుండా కాపాడారు. పెద్దాయన కంచె దగ్గర కారాపి, గడ్డి మొలిచిన చోటొకటి చూపించారు. "సుమారుగా అక్కడ నా బల్ల" అన్నారు. ఆ నేలమీదే ఒక పక్క రోడ్లూ వంతెనలూ వేసి, డ్రైవరు లేకుండా నడిచే కార్లను 2017 చివరినుంచి పరీక్షిస్తున్నారు. గేరు మార్చే పని తగ్గించిన చోట, ఇక స్టీరింగు పట్టుకునే పని కూడా తగ్గిస్తారట! నెలరోజుల క్రితమైతే నేను దీనికీ నవ్వేవాణ్ణే. చూపు మందగించిన ఆయన పక్కన కూర్చుని ఇప్పుడు నవ్వలేకపోయాను.

అక్కడినుంచి శ్మశానానికి వెళ్ళాం. పచ్చగా, తోటలా వుంది. ఆయన ఇంజను ఆపకుండానే దిగి, రాళ్ళ వరసల మధ్య నడిచి ఒకచోట నిలబడ్డారు. మేము కార్లోనే కూర్చున్నాం. "ఇంజను ఆపలేదేమిటండీ?" అని మా ఆవిడ మెల్లగా అడిగింది. మనవరాలు అద్దం దింపి వెనక్కు చూసి, "పొగ లేదు తాతయ్యా" అంది. ఆయన ఎందుకు ఆపలేదో అప్పుడు మా ఆవిడకీ తెలిసింది. కొంగుతో కళ్ళు వత్తుకుంది.

చిరిగిన పాత డబ్బాను పెద్దాయన నాకే ఇచ్చారు. యాభై ఏళ్ళు దాటి పనిచేసిన రబ్బరుకు చిరిగే హక్కు వుందిగదా. దాన్ని కడిగి పెట్టెలో వేసుకుని విజయవాడ తెచ్చుకున్నాను.

మొన్న మా డిపో డ్రైవరు చూడడానికి వచ్చాడు, ఎడమకాలు ఎత్తి మెట్టుమీద పెట్టేవాడని చెప్పానే, అతనే. ఇప్పుడు చేతికర్ర వచ్చింది. కూర్చుంటూనే "నయాగరా చూశారా ఫోర్‌మన్‌గారూ?" అన్నాడు. నేను ఆ డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టి, ఈ కథంతా చెప్పాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే ఇది వుంటే ఎడమకాలికి పని లేదంటారు!"

"లేదు."

అతను మోకాలు రాసుకుంటూ కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "మా మనవడు హైదరాబాదులో కరెంటు బస్సు నడుపుతున్నాడండీ. దానికి క్లచ్చే లేదట. ఇంటికి వచ్చినప్పుడల్లా, నువ్వూ ఒక డ్రైవరువేనా అని వాణ్ణి ఏడిపిస్తూ వుంటాను."

డబ్బాను జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు.

"ఇక అననండీ" అన్నాడు.